ఎర్రచందనం ఆ కొండల్లోనే ఎందుకు?

కడప, రాయచోటి, రాజంపేట వైపు ఉండేవాళ్లకు ఎర్రచందనం అంటే పేపర్లో వచ్చే వార్త. లారీ పట్టుబడింది, దుంగలు దొరికాయి, కూలీలు జైలుకెళ్లారు. యునానీ హకీములు సందల్ సుర్ఖ్ అని వాపుల మీద పట్టు వేయించేది కూడా ఈ చెక్కనే. జపాన్‌లో షమిసెన్ అనే తీగల వాయిద్యం చేయడానికీ ఇదే కావాలి. ఇంత గిరాకీ ఉన్న ఈ చెట్టు ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల, వాటిని ఆనుకుని ఉన్న కొద్దిపాటి అడవులు, అంతే.

ఎండా వానా ఇంచుమించు ఇలాగే ఉండే ప్రాంతాలు దక్షిణాదిలో ఇంకా ఉన్నాయి. అక్కడి అడవుల్లో ఈ చెట్టు లేదు. కారణం వెతకాలంటే ఆకాశం వైపు కాదు, కాళ్ల కింద చూడాలి.

మన వంటింటి గట్టు మీద పరిచే నల్లటి కడప బండ సంగతే తీసుకోండి. అది సున్నపురాయి. కోట్లాది ఏళ్ల కిందట ఈ ప్రాంతం సముద్రం కింద ఉన్నప్పుడు అడుగున పేరుకున్న సున్నం అలా బండయింది. బురద పేరుకున్నచోట పలకలుగా విడిపోయే షేల్ రాయి తయారైంది. ఇసుక పేరుకున్నచోట అది గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ మొత్తాన్నీ కడప బేసిన్ అంటారు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండను తొలిచినచోట కింద పాత గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రెండు పొరల మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల తేడా ఉంది. బస్సులో వెళ్లేవాళ్లలో దాన్ని చూసేది ఎంతమందో!

ఎర్రచందనం ఎక్కువగా కనిపించేది ఈ క్వార్ట్‌జైట్, షేల్ కొండల మీదే. క్వార్ట్‌జైట్ దాదాపు మొత్తం సిలికానే. త్వరగా అరగదు, అరిగినా మొక్కకు తినడానికి పెద్దగా ఏమీ ఇవ్వదు. మీద జానెడు రాళ్ల మట్టి ఉంటే గొప్ప. కానీ ఆ రాయి నిండా పగుళ్లుంటాయి. వాన నీరు పైన నిలవకుండా వాటిలోకి దిగిపోతుంది, వేళ్లు కూడా అదే దారి పడతాయి. కంది, చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టుకు వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే అసలు పడదు.

అంటే ఈ చెట్టుకు పేద నేలంటే ఇష్టమా? ఇక్కడే చాలామంది పొరబడతారు. పెరూ దేశంలోని అమెజాన్ అడవిలో తెల్ల ఇసుక నేల, ఎర్ర బంకనేల పక్కపక్కనే ఉంటాయి, కానీ వాటి మీద పెరిగే చెట్లు వేరు. పాల్ ఫైన్, ఆయన తోటి పరిశోధకులు 20 జాతుల మొక్కల్ని తీసుకుని ఆ నేలవి ఈ నేలలో, ఈ నేలవి ఆ నేలలో నాటారు. కొన్నిటికి పురుగులు రాకుండా వల కట్టారు. వల ఉన్నప్పుడు బంకనేల మొక్కలు ఇసుకలో కూడా బాగానే ఎదిగాయి, అక్కడి సొంత మొక్కల్ని మించిపోయాయి. వల లేనిచోట మాత్రం వెనకబడ్డాయి. పేద నేలలో పురుగు తిన్న ఆకును మళ్లీ వేయడం మొక్కకు చాలా ఖరీదైన పని. అందుకే ఇసుక నేల చెట్లు ఎదగడం తగ్గించుకుని, ఉన్న ఆకును కాపాడుకోవడం మీద ఖర్చు పెడతాయి. 2004లో అచ్చయిన ఈ ప్రయోగం చెప్పేదేమిటంటే, నేల చెట్టును నేరుగా ఎంచుకోదు, ఏ చెట్టు ఎవరితో పోటీలో నెగ్గుతుందో మార్చేస్తుంది.

ఎర్రచందనాన్ని కూడా ఇలాగే అర్థం చేసుకోవచ్చు. నాటి నీళ్లు పెడితే పొలంలోనూ పెరుగుతుంది. అడవిలో మాత్రం, వేగంగా ఎదిగే చెట్లు నిలవలేని రాతి నేలలోనే దానికి చోటు దొరుకుతుంది.

ఈ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. గల్ఫ్‌లో కష్టపడి పంపిన సొమ్ముతో 'ఎర్రచందనం ప్లాట్లు' కొంటున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. మొక్క బతికింది, లావెక్కింది అంటే పని అయిపోయినట్టు కాదు. ధర పలికేది లోపలి ఎర్రటి చేవకు, చుట్టూ ఉండే తెల్లచెక్కకు కాదు. లేత చెట్టులో ఎక్కువ భాగం తెల్లచెక్కే. చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది, బ్రోచర్‌లో రాసిన గడువు చూసి ముదరదు. నీళ్లు నిలిచే నల్లరేగడి అయితే మొక్క బతకడమే కష్టం. పెద్ద వాన పడ్డాక వెళ్లి, రెండు మూడు అడుగుల గుంత తీయించి, నీళ్లు ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తే ఆ నేల సంగతి సగం తెలిసిపోతుంది. ఇక చెట్టు సొంత పట్టా భూమిలో ఉన్నా, కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఆ కాగితాలు ఎవరు తెస్తారో అడ్వాన్స్ ఇవ్వకముందే అడగాలి.