పండుగ పద్దుల్లో కులం

ఒక నగరపాలక సంస్థ తన సాంస్కృతిక ఉత్సవాల సన్నాహక సమావేశానికి నన్ను కూడా పిలిచింది. ఏడాది పొడవునా నగరం తరఫున జరపాల్సిన పండుగల జాబితా, ఖర్చుల అంచనా మా ముందు పెట్టారు. జాబితా ముచ్చటగానే ఉంది. బోనాలు, బతుకమ్మ, రంజాన్ విందు, క్రిస్మస్, సేవాలాల్ జయంతి, అంబేద్కర్ జయంతి అన్నీ ఉన్నాయి. ఏ సముదాయాన్నీ విస్మరించలేదన్న తృప్తి అధికారుల మాటల్లో వినిపించింది.

ఖర్చుల పట్టిక దగ్గర నా చూపు ఆగింది. శాస్త్రీయ నృత్య బృందం 'కళాకారుల పారితోషికం' అనే పద్దు కింద ఉంది. డప్పు బృందం మాత్రం షామియానాలు, కుర్చీలు, పూలదండలతో కలిసి 'ఇతర ఖర్చులు' కింద ఉంది. దాని ఎదురుగా మొత్తం కూడా రాయలేదు. ఎందుకని అడిగాను. "డప్పుల వాళ్ళదేముంది సార్, భోజనం పెట్టించి ఎంతో కొంత చేతిలో పెడతాం" అన్నారొకరు. ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. అలవాటుగా అన్నారు.

మా తాత డప్పు కొట్టేవాడు. ఊరి జాతరలో ఆయన డప్పు మోగనిదే అమ్మవారి ఊరేగింపు కదిలేది కాదు. గుడి మెట్లు మాత్రం ఆయనను ఎక్కనిచ్చేవారు కారు. తెల్లవార్లూ కొట్టినందుకు దక్కేది కూలి కాదు, ఇంత అన్నం, కాసిని గింజలు. ఒంట్లో బాగాలేదు, రానంటే ఊరు ఊరుకునేది కాదు. అందుకే మా నాన్న ఉద్యోగం వచ్చాక డప్పును గడప తొక్కనివ్వలేదు. 'భోజనం పెట్టించి ఎంతో కొంత' అన్న మాట విన్నప్పుడు, ఊరి వెట్టి నగరపాలక సంస్థ లెక్కల పుస్తకంలోకి నడిచివచ్చినట్టు తోచింది.

2014 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం బోనాలు, బతుకమ్మలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. శ్రామిక కులాల స్త్రీల చేతుల్లో పెరిగిన పండుగలకు ప్రభుత్వ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. గోల్కొండలో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, లాల్‌దర్వాజల మీదుగా సాగే ఆషాఢ బోనాలకు పోతరాజు, రంగం చెప్పే స్త్రీ, డప్పు ప్రాణం. అయితే ప్రభుత్వాలు వైవిధ్యాన్ని ఎవరికి ఏ రోజు కేటాయించామన్న లెక్కగానే చూస్తున్నాయి. ఒకే పండుగలో వేదిక మీద ఎవరు కూర్చుంటారు, వేదిక ముందు ఎవరు చెమటోడుస్తారు, తెల్లవారాక ఎవరు ఊడుస్తారు అన్న లెక్క చూడటం లేదు. కులం దాగి ఉన్నది ఈ రెండో లెక్కలోనే.

మా ముందున్న పట్టికలో బతుకమ్మ ఏర్పాట్లు నగరపాలక సంస్థ విభాగాలన్నిటికీ పంచారు. అంబేద్కర్ జయంతి బాధ్యత మాత్రం ఎస్సీ సంక్షేమ అధికారుల మీద పెట్టి ఊరుకున్నారు. రాజ్యాంగం అందరిదీ అయినప్పుడు దాని ముసాయిదా సంఘ అధ్యక్షుడి జయంతి ఒక శాఖ పండుగ ఎట్లా అవుతుంది?

ఉత్సవం ముగిసిన రాత్రిని కూడా గమనించాలి. నిమజ్జనం తర్వాత, బతుకమ్మ తర్వాత చెరువుగట్టును శుభ్రం చేసే పారిశుద్ధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు, అందులో స్త్రీలు ఎందరో. తోటివారు పాటలు పాడుతూ తిరిగే వేళ వారు చీపుళ్ళు పట్టుకుని నిలబడి ఉంటారు. పండుగ అందరిదీ అంటున్న నగరం, తన పనివారికి మాత్రం పండుగ లేకుండా చేస్తున్నది.

పాలకమండళ్ళ తీర్మానాలు వాటంతటవే న్యాయాన్ని తేవని చరిత్ర చెబుతుంది. ప్రజాధనంతో కట్టిన, నిర్వహించే నీటి వనరులను అస్పృశ్యులకు తెరవాలన్న బోలే తీర్మానం 1923లో బొంబాయి శాసనమండలి ఆమోదం పొందింది. దాని ప్రకారం మహద్ పురపాలక సంఘం చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు 1924లో ప్రకటించింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో వెళ్ళి నీళ్ళు తాగేదాకా ఆ నిర్ణయం కాగితం దాటలేదు. ఆ తర్వాత అదే ఏడాది పురపాలక సంఘం తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. అయినా అందులోని సూత్రం నిలిచింది: ప్రజాధనం ఖర్చయ్యే చోట ప్రజలందరికీ సమాన హక్కు ఉండాలి. పండుగలకూ అదే వర్తిస్తుంది.

డప్పును వేదిక ఎక్కించడమంటే కళ పేరుతో మళ్ళీ కులవృత్తికి కట్టేయడం కాదా అని నా విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా నాన్న భయమూ అదే. కానీ 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది. పిలిస్తే రావాల్సిందేనన్న కట్టుబాటుతో కొట్టడం వెట్టి. పారితోషికం మాట్లాడుకుని, ఇష్టం లేకపోతే రానని చెప్పే హక్కుతో కొట్టడం కళ. వెట్టిని నిషేధించిన రాజ్యాంగం 23వ అధికరణ కాపాడేది ఆ హక్కునే.

అందుకే నగర ఉత్సవాల ప్రణాళికలో కొన్ని మార్పులు తప్పనిసరి. డప్పు, ఒగ్గుకథ, చిందు బృందాలను కళాకారుల పద్దులో చేర్చి, రాతపూర్వక ఒప్పందంతో ఇతర కళాకారులతో సమానంగా చెల్లించాలి. ఆహ్వానపత్రికల్లో వారి పేర్లు ఉండాలి. పండుగ రాత్రి పనిచేసే పారిశుద్ధ్య కార్మికులకు రెట్టింపు వేతనం, చేతి తొడుగులు, ఇంటికి చేర్చే వాహనం, మరునాడు సెలవు ఇవ్వాలి. ఉత్సవ కమిటీలో కళాకారులకు, కార్మికులకు ఓటుహక్కుతో చోటు కల్పించాలి.

నేను హాజరైన సమావేశంలో చాలాసేపు వాదించాక డప్పు బృందం పద్దు మారింది, ఎదురుగా ఒక మొత్తమూ రాశారు. కార్మికుల గురించి అడిగినవి మాత్రం 'తదుపరి సమావేశంలో పరిశీలన' దగ్గరే ఆగాయి. ఈ వ్యాసం చదివే విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ పట్టణంలో ప్రజాధనంతో ఉత్సవం జరిగినప్పుడు, 2005 సమాచార హక్కు చట్టం కింద దాని ఖర్చుల పట్టిక అడగండి. డప్పు ఏ పద్దు కింద ఉందో, చీపురు పట్టిన చేతికి ఎంత ఇచ్చారో చూడండి. ఆ కాగితం పట్టుకుని మీ కార్పొరేటర్‌ను ప్రశ్నించండి.