బస్తర్ ఘాట్ దారిలో స్పోర్ట్స్ బైక్ ప్రయాణం: సామాను ఎంపిక ఎలా, బిగింపు ఎలా?

వానలు తగ్గి ఇంద్రావతి నిండుగా పారే రోజుల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు మోటారు సైకిళ్ల మీద బయలుదేరే యాత్రికుల్లో తెలుగు రాష్ట్రాల వారూ ఉంటారు. విజయవాడ వైపు నుంచి వెళ్లేవారు 30వ నంబరు జాతీయ రహదారి మీదుగా భద్రాచలం, చింతూరు, కోంటా, సుక్మా దాటి జగదల్‌పూర్ చేరుకుంటారు. విశాఖపట్నం వారు అరకు, కోరాపుట్, జయపురం మీదుగా వెళతారు. జగదల్‌పూర్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకే చిత్రకోట్ జలపాతం, కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలోని తీరథ్‌గఢ్ జలపాతం వారి ప్రధాన గమ్యాలు.

ఈ దారుల్లో అడవులు, ఘాట్ మలుపులు ఎక్కువ. స్పోర్ట్స్ బైక్ మీద వచ్చేవారు ఇంజిన్, టైర్ల విషయంలో తీసుకునే శ్రద్ధ సామాను విషయంలో తీసుకోరు. అయితే మలుపులో పక్కకు జారిన సంచి, చక్రంలోకి వేలాడిన పట్టీ ప్రాణం మీదికి తెస్తాయి. కట్టిన సామాను ప్రయాణం పూర్తయ్యే వరకు కదలకుండా ఉండటమే ఇక్కడ మొదటి సూత్రం.

బండి నిర్మాణంలోనే ఉన్న చిక్కు

స్పోర్ట్స్ బైక్ ప్రధానంగా ఒక్కరు ముందుకు వంగి నడిపేందుకు రూపొందిన వాహనం. హ్యాండిల్ కిందికి ఉంటుంది. వెనుక సీటు ఎత్తుగా, ఇరుకుగా, ఏటవాలుగా ఉంటుంది. మామూలు బైకుల్లో తాడు కట్టడానికి పనికొచ్చే వెనుక కడ్డీ చాలా స్పోర్ట్స్ మోడళ్లలో ఉండదు. తోక భాగమంతా ప్లాస్టిక్ తొడుగే. సైలెన్సర్ పైకి లేచి ఉంటే, పక్క సంచికి ఆ వేడి తగులుతుంది.

వెనుక కూర్చున్న వారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా, వెనుక చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. శారీ గార్డ్ అమర్చేది ఇందుకే. అందం కోసం దానిని తీసివేసేవారు కొందరు. పక్క సంచీ, దాని పట్టీలూ చక్రంలోకి పోకుండా ఆపేది కూడా ఆ కడ్డీలే కనుక, యాత్రకు ముందు దానిని తిరిగి బిగించుకోవడం అవసరం.

ముందు బరువు, తరువాత సంచి

ప్రతి బండికీ తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ భారం యజమాని పుస్తకంలో ఉంటుంది. నడిపేవారు, వెనుక కూర్చునేవారు, సామాను, అదనంగా బిగించిన పరికరాలు అన్నీ కలిపి ఆ పరిమితిలోనే ఉండాలి. 140 కిలోల బండి తోక మీద 20 కిలోలు పెడితే, బండి బరువులో ఏడో వంతు ఒక్కచోటే చేరినట్లు. పైగా ఆ బరువు వెనుక ఇరుసు దాటి ఉంటే మీటతో ఎత్తినట్లుగా ముందు చక్రం మీద భారం తగ్గుతుంది. దాంతో హ్యాండిల్ తేలిపోతున్నట్లు అనిపిస్తుంది, మలుపులో పట్టు సడలుతుంది.

బస్తర్ పల్లెల నుంచి వారపు సంతలకు కావడి మోసుకుని నడిచేవారిని గమనిస్తే ఇదే సూత్రం కనిపిస్తుంది. రెండు వైపులా సమాన బరువు లేకుంటే కావడి నిలవదు. బుట్టలు ఊగితే నడక సాగదు. బైక్ మీద కూడా బరువైనవి కిందికి, బండి మధ్యకు దగ్గరగా ఉండాలి. తేలికైనవి పైకి, వెనక్కి వెళ్లాలి.

ఏ సంచి ఎక్కడ?

పెట్రోలు ట్యాంకు మీద పెట్టే ట్యాంకు బ్యాగు చిన్నవైన బరువు వస్తువులకు అనువైనది. అది బండి మధ్య భాగానికి దగ్గరగా ఉంటుంది. అయితే కొన్ని స్పోర్ట్స్ బైకుల ట్యాంకు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దానికి అయస్కాంతం అంటుకోదు. కొనేముందు చిన్న అయస్కాంతంతో పరీక్షించి, అంటుకోకుంటే పట్టీలతో బిగించే రకాన్ని ఎంచుకోవాలి. బిగించిన తరువాత హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పి, సంచి అడ్డు రావడం లేదని, హారన్ మీట నొక్కుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

వెనుక సీటు మీది టెయిల్ బ్యాగులో బట్టలు, దుప్పటి వంటి తేలికైనవి పెట్టాలి. రెండు పక్కలా వేలాడే శాడిల్ బ్యాగులు సమాన బరువుతో ఉండాలి. వాటిని కట్టాక ఒకరు సీటు మీద కూర్చుని బండిని కిందికి నొక్కి చూడాలి. గుంతలో పడినప్పుడు సస్పెన్షన్ దిగితే సంచి చక్రానికి, సైలెన్సర్‌కు తగులుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

గట్టి పెట్టె కావాలంటే ఫ్రేముకు బిగించిన స్టాండు తప్పనిసరి. ప్లాస్టిక్ తోక ఆ బరువును మోయలేదు. 2020లో కేంద్రం చేసిన సవరణ ప్రకారం మోటారు సైకిల్‌కు అమర్చే తేలికపాటి పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించరాదు. దానిని వెనుక సీటు స్థానంలో పెడితే బండి మీద నడిపేవారు ఒక్కరే ఉండాలి.

బరువైన సంచిని వీపున మోయడం మంచిది కాదు. ముందుకు వంగి నడిపే బండి మీద ఆ భారం భుజాలను, మణికట్టును త్వరగా అలసిపోయేలా చేస్తుంది. సంచిలో గట్టి వస్తువులుంటే, పడినప్పుడు వెన్నుకు గాయమయ్యే ప్రమాదం ఉంది.

బిగించే పద్ధతి

కొక్కేలున్న రబ్బరు తాడు చవక, సులువు. కానీ ప్రతి కుదుపుకూ అది సాగుతుంది. సంచి కొద్దిగా జరిగితే కొక్కెం ఊడుతుంది, ఎగిరి కంటికి తగలవచ్చు. సాగని నైలాన్ పట్టీ, బకిల్ ఉన్న రకం మేలు. వల వంటి రబ్బరు తాడును పైన రెండో రక్షణగా మాత్రమే వాడాలి.

వెనుక సీటును తాళంతో తీసి, కింద ఉన్న ఫ్రేము చుట్టూ పట్టీలను తిప్పి, సీటును తిరిగి అమర్చితే గట్టి ఆధారం దొరుకుతుంది. ఇండికేటర్‌కు, నంబరు ప్లేటుకు, ప్లాస్టిక్ తొడుగుకు కట్టరాదు. సంచి ముందూ వెనుకా రెండు వైపులా, మొత్తం నాలుగు చోట్ల పట్టు ఉండాలి. మిగిలిన పట్టీ కొసలను మడిచి ముడి వేయాలి. వేలాడే కొస గొలుసులోనో చక్రంలోనో చుట్టుకుంటే వెనుక చక్రం క్షణంలో బిగుసుకుపోతుంది. చోదకుడికి తేరుకునే వ్యవధి ఉండదు.

తరువాత సంచిని పట్టుకుని గట్టిగా ఊపాలి. సంచి ఒక్కటే కదిలితే బిగింపు చాలదు, బండి మొత్తం కదిలితే సరిపోయినట్లు. బట్టల మూట కుదుపులకు అణుగుతుంది కనుక మొదటి 15 కిలోమీటర్ల తరువాత ఆగి పట్టీలను మళ్లీ బిగించాలి. వెనుక దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తున్నాయా అని చూడాలి.

వాన, బ్రేకులు, తిరుగు ప్రయాణం

సంచి పైన వేసే వాన తొడుగు గాలికి ఊడి చక్రంలో పడవచ్చు. లోపలే నీరు చొరని సంచిలో బట్టలు, పత్రాలు పెట్టడం నమ్మకమైన మార్గం. మందులు, పంక్చర్ సామగ్రి, పనిముట్లు మూటంతా విప్పకుండా అందేలా ఉండాలి. అడవి దారిలో మొబైల్ సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు.

భారం పెరిగినప్పుడు టైర్లలో ఎంత గాలి ఉండాలో, వెనుక సస్పెన్షన్‌ను ఎలా సర్దాలో యజమాని పుస్తకం చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే సరిచేసుకోవాలి. బండి ఆగేందుకు ఎక్కువ దూరం పడుతుంది. కాంకేర్, కొండగావ్ మధ్య 12 మలుపుల కేశ్‌కాల్ ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ వదులు మూట ముందుకు, పక్కలకు జరుగుతుంది.

తిరుగు ప్రయాణంలో బరువు మారుతుంది. కొండగావ్‌లో ఢోక్రా లోహ శిల్పాలు కొనేవారు ఎక్కువ. పరిమాణంలో చిన్నవైనా బరువైనవి, కొన్నింటికి కొమ్ముల వంటి కొసలుంటాయి. వాటిని వీపు సంచిలో, ఛాతీకి ఎదురుగా ఉండే ట్యాంకు బ్యాగులో పెట్టరాదు. బట్టల్లో చుట్టి, పక్క సంచి అడుగున పెట్టి, రెండో వైపు బరువును సరిచేయాలి. పెద్ద బొమ్మ అయితే పార్సిల్‌లో పంపడం క్షేమం.

బయలుదేరడానికి కొన్ని రోజుల ముందే పూర్తి సామానుతో ఇంటి దగ్గర 20 కిలోమీటర్లు నడిపి చూడటం అన్నింటికన్నా ఉపయోగకరమైన జాగ్రత్త. ఏ పట్టీ వదులవుతోందో, ఏ సంచి వేడెక్కుతోందో, ఏ వస్తువు ఇంటి దగ్గరే ఉండిపోవచ్చో ఆ కొద్ది దూరంలోనే తెలిసిపోతుంది.