సర్కిల్ కాడ ఎవరు ముందు?

మన పక్క నాలుగు రోడ్లు కలిసిన ప్రతి చోటుకీ సర్కిల్ అనే పేరు. బోర్డు మీద కన్నడంలో ‘వృత్త’ అని రాసుంటుంది, ఇంట్లో తెలుగులో ‘సర్కిల్ కాడ దిగినా’ అంటాం. పోయి చూస్తే చాలాచోట్ల వృత్తమూ ఉండదు, సున్నా ఉండదు. ఒక దీపస్తంభమో విగ్రహమో, చుట్టూ ఇనుప కంచె, కంచెకు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. సాదలి నుంచి శిడ్లఘట్ట, చింతామణి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, ఏ దిక్కు పోయినా ఇట్లాంటివి దాటాల్సిందే. కొన్నిచోట్ల మాత్రం నిజంగానే గుండ్రటి దిమ్మె కట్టి ఉంటారు. ఆ దిమ్మె ఎందుకు కట్టినారో, దాని చుట్టూ ఎట్లా తిరగాలో మనకు కూర్చోబెట్టి చెప్పినోళ్ళు లేరు. లైసెన్సుకు పోతే బైకు మీద ఎనిమిది అంకె వేయించినారు, అంతటితో సరి.

షిఫ్టు మారే వేళ అట్లాంటి దిమ్మె కాడ ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. మిల్లు బస్సులు, గార్మెంట్ల వ్యాన్లు, పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు, పట్టుగూళ్ళ మూటలేసుకొని మార్కెట్టుకు పోయే ఆటోలు, ట్రాలీ తగిలించిన ట్రాక్టర్లు, క్యారియర్ చేతబట్టుకొని నడిచే ఆడోళ్ళు మొగోళ్ళు. అందరిదీ ఒకటే తొందర. అక్కడ నడిచే న్యాయమూ ఒకటే: పెద్ద బండి ముందు. లారీని చూసి కారు ఆగుతుంది, కారును చూసి బైకు ఆగుతుంది, బైకును చూసి నడిచే మనిషి ఆగుతాడు. హారన్ గట్టిగా కొట్టినోడిది దారి.

ఈ న్యాయం ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో లెక్క ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. అందులో టూవీలర్ల మీద పోయినవాళ్ళు నూటికి 44 మందికి పైగా, నడుస్తూ పోయినవాళ్ళు 19 మందికి పైగా. రెండూ కలిపితే ముగ్గురిలో దాదాపు ఇద్దరు. మన ఇండ్లలోంచి పొద్దున లేచి పనికి పోయేవాళ్ళూ పోయేది ఇట్లాగే కదా, బైకు మీదనో నడిచో.

చట్టం చెప్పేది వేరే మాట. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉంది: కూడలిలోకి వచ్చే డ్రైవరు, ఎదురుగా ఉన్నది ప్రధాన రోడ్డు అయితే దాని మీద పోయే బండ్లకు, లేకపోతే తన కుడిపక్క నుంచి వచ్చే బండ్లకు దారి ఇవ్వాల. 2017లో వచ్చిన డ్రైవింగు నియమాలు రౌండు సంగతి విడిగా చెప్పినాయి. లోపల అప్పటికే తిరుగుతున్న బండిది ముందు హక్కు, కొత్తగా వచ్చేది ఆగాల. మనది ఎడమపక్క నడిపే దేశం గనక దిమ్మె చుట్టూ గడియారం ముల్లు మాదిరి తిరుగుతాం. అప్పుడు లోపల తిరిగే బండి మనకు ఎప్పుడూ కుడి నుంచే వస్తుంది. కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే. కుడిపక్క చూడు, బండి వస్తుంటే ఆగు, సందు దొరికితే దూరు. అది లారీ అయినా సరే, మోపెడ్ అయినా సరే.

ఇంత చిన్న మాట పట్టుకోవడానికి లోకానికి అరవై ఏళ్ళు పట్టింది. న్యూయార్కులో కొలంబస్ సర్కిల్ చుట్టూ బండ్లను ఒకే దిక్కుగా తిప్పడం 1905లో మొదలైంది, విలియం ఫెల్ప్స్ ఇనో అనే ఆయన ఆలోచన. 1907లో పారిస్‌లో యూజీన్ ఎనార్ అనే ఆయన మాట మీద అక్కడి పెద్ద కూడలిలో కూడా అదే పద్ధతి పెట్టినారు. తిప్పడమైతే తిప్పినారు గానీ ఎవరు ఆగాలో సరిగా తేల్చలేదు. చానా చోట్ల లోపలికి వచ్చేవాడికే హక్కు ఇచ్చినారు. ఏమవుతుంది? పండగ ముందురోజు బస్టాండులో చూస్తుంటాం కదా, దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొని, కిటికీలోంచి సీటు మీద టవలు వేసి, చివరికి దిగేవాడు దిగలేడు, ఎక్కేవాడు ఎక్కలేడు. సర్కిల్ కూడా అట్లానే బిగుసుకుపోతుంది. లోపలివాడు బయటపడే చోటును బయటివాడు మూసేస్తాడు. అమెరికాలో ఈ తంటా పడలేక కొన్ని దశాబ్దాలు సర్కిళ్ళు కట్టడమే తగ్గించేసినారు.

ఇంగ్లండులో రోడ్డు పరిశోధన సంస్థలో ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు దీని మీద పనిచేసినాడు. 1966లో ఆ దేశం లోపల తిరిగేవాడికే హక్కు అని రూలు పెట్టింది. దాని తర్వాత చిన్న చిన్న దిమ్మెలతో కూడా కూడళ్ళు నడిచినాయి. పారిస్ పెద్ద కూడలి మాత్రం ఈ పొద్దుకీ పాత పద్ధతిలోనే ఉంది. పన్నెండు రోడ్లు వచ్చి కలుస్తాయి, లోపల ఉన్నవాడే ఆగి వచ్చేవాడికి దారి ఇస్తాడు. చూసేదానికి మన సంత రోజు మాదిరే ఉంటుంది.

సరిగ్గా కట్టిన రౌండు ప్రాణం ఎట్లా కాపాడుతుంది? మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండి దారీ బండి దారీ తగులుకునే చోట్లు 32 అని ఇంజనీర్లు లెక్క కట్టినారు. ఒంటి వరస రౌండులో అవి ఎనిమిదే. అంతకంటే పెద్ద సంగతి వేగం. రౌండులోకి పోయే దారిని కావాలనే వంకర తిప్పి కడతారు, నేరుగా దూసుకుపోయేదానికి లేకుండా. ముప్పై వేగం కంటే ఎక్కువ పోతే బండే తిరగదు. అరవైలో పోయే బండి గుద్దుడు ముప్పైలో పోయే బండి గుద్దుడుకు రెండింతలు కాదు, నాలుగింతలు. పైగా రౌండులో గుద్దుకున్నా పక్కగా రాసుకుంటారు గానీ, ఎదురెదురుగానో నడుమ డొక్కలోనో గుద్దుకోరు. అమెరికాలో సిగ్నళ్ళు, స్టాప్ బోర్డులు ఉన్న 24 కూడళ్ళను రౌండ్లుగా మార్చి లెక్క చూస్తే మొత్తం ప్రమాదాలు దాదాపు 40 శాతం, దెబ్బలు తగిలిన ప్రమాదాలు 76 శాతం తగ్గినాయి. అది కార్ల దేశం అని మరవకూడదు. రెండు చక్రాల మీద పోయేవాళ్ళకు అంత లాభం ఉండదు. అయినా వేగం తగ్గిందంటే అందరికంటే ముందు బతికిపోయేది నడిచే మనిషే.

అట్లాగని దిమ్మె కడితే అన్నీ బాగుపడతాయనీ కాదు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976లో రాసిన నియమాల ప్రకారం, అన్ని రోడ్లవీ కలిపి గంటకు మూడు వేల బండ్లు దాటితే రౌండు మోయలేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ చూడండి. చెన్నై–కోల్‌కతా హైవే, హైదరాబాదు–మచిలీపట్నం హైవే ఒకదాన్నొకటి కోసుకునే చోటు అది. అన్ని బండ్లు ఒక దిమ్మె చుట్టూ ఎక్కడ తిరుగుతాయి? చివరికి పైన ఫ్లైఓవర్ కట్టాల్సి వచ్చింది, 2020 అక్టోబరులో మొదటిది తెరిచినారు. మనవాళ్ళు బెంగళూరు పోతే దాటే మేఖ్రి సర్కిల్ కూడా అంతే. బళ్ళారి రోడ్డు బండ్లు కింద దూరిపోతాయి, పైన మాత్రం తిరుగుడు మిగిలింది. హైదరాబాదులో చార్మినార్ కట్టింది 1591లో, నాలుగు దారుల నడుమ. ఎద్దుబండ్ల కాలంలో కట్టిన ఆ కట్టడం చుట్టూ మొన్నమొన్నటి దాకా బస్సులూ ఆటోలూ తిరిగి పొగ చూరించినాయి. మన తాలూకా ఊళ్ళ సర్కిళ్ళకు ఆ తాకిడి లేదు. ఊరి రౌండు మోయగలిగినంతే బండ్లు మనకున్నాయి. మోయనీకుండా చేస్తున్నది మన అలవాట్లే.

వాటిల్లో మొదటిది అడ్డదారి. కుడికి తిరగాల్సిన బైకు దిమ్మె చుట్టి రాకుండా ఎదురుగా కోసుకొని పోతుంది. ‘అంత చుట్టు ఎవరు తిరుగుతారప్పా, పెట్రోలు దండగ’ అంటారు. లెక్క వేద్దాం. తిరిగే దారి అడ్డం ఇరవై మీటర్లు అనుకోండి. చుట్టుకొలత 63 మీటర్లు. చట్టప్రకారం కుడికి తిరగాలంటే ముక్కాలు చుట్టు, 47 మీటర్లు. అడ్డంగా కోస్తే కాలు చుట్టు, 16 మీటర్లు. మిగిలేది 31 మీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి, లీటరు నూరు రూపాయలు అనుకుంటే మిగిలే పెట్రోలు ఆరు పైసలు. కాలం చూస్తే ఇరవై వేగంలో ఆరు సెకండ్లు. ఆరు పైసలకు ఎదురుగా వచ్చే బస్సు ముందుకు పోతున్నాడు, వెనకాల పెండ్లాం, నడుమ బిడ్డ.

రెండోది, బయటికి పోయే నోటికాడే ఆటో ఆపడం. సర్కిల్ దాటినాక నాలుగు అడుగుల్లో షేరు ఆటోలు, వ్యాన్లు నిలిచి మనుషులను ఎక్కించుకుంటాయి. ఎక్కేది మనమే, అక్కడే ఆపమనేదీ మనమే. బయటికి పోయే నోరు మూసుకుంటే లోపలి చక్రమంతా నిలిచిపోతుంది. కూడలి కాడ గానీ దాని దగ్గర గానీ బండి నిలపకూడదని 1989 నియమాల్లోనే ఉంది.

మూడోది లారీ పక్కన దూరడం. ట్రాలీ గానీ పొడుగు లారీ గానీ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొని వస్తాయి. అందుకే బాగా కట్టిన రౌండ్లలో దిమ్మె అంచున కొంచెం ఎత్తుగా రాళ్ళు పరిచి, లారీ వెనక చక్రం ఎక్కేదానికి చోటు వదులుతారు. మన దిమ్మెలకు చాలావరకు అది లేదు. లారీకీ దిమ్మెకూ నడుమ సందు కనిపించిందని బైకు దూర్చితే ఆ సందు మరు క్షణం ఉండదు. లారీ వెనకనే ఉండండి.

నడిచేవాళ్ళకు ఒక మాట. దిమ్మె మీదుగా అడ్డం పడి రోడ్డు దాటొద్దు. జయంతి నాడు మాల వేసేవాళ్ళకు తప్ప ఆ దిమ్మె కాడికి ఎవరికీ పని లేదు. సర్కిల్‌కు ఒక బండి పొడుగు వెనక్కి జరిగి, ఒక్కో రోడ్డునూ విడిగా దాటాల. అంత వెనక్కి ఎందుకంటే, డ్రైవరు ముందు మనల్ని చూసి ఆగి, తర్వాత తీరిగ్గా కుడిపక్క చూసుకుంటాడు. రెండూ ఒకేసారి చూడమంటే వాడు చూసేది బండినే. రోడ్డు నడుమ చిన్న మూడు మూలల తిన్నె ఉంటే సగం దాటి అక్కడ నిలబడొచ్చు. మొదటి సగానికి కుడిపక్క చూడాల, రెండో సగానికి ఎడమపక్క.

ఆ తిన్నె లేకపోతే, తెల్ల గీతలు చెరిగిపోయి ఉంటే, అడగొచ్చు. కానీ సరైన చోట అడగాల. ఊరి లోపలి వీధులైతే నగరసభో పురసభో, తాలూకాల నడుమ రోడ్లయితే లోకోపయోగి ఇలాఖా, బాగేపల్లి మీదుగా పోయే 44వ హైవే అయితే జాతీయ రహదారుల సంస్థ. ఒకరి అర్జీ ఇంకొకరి టేబులు మీద పెడితే అది అక్కడే ఉంటుంది. అర్జీలో ‘సర్కిల్ బాగు చేయండి’ అని ఊరికే రాయొద్దు. ఏ రోడ్డు నోట్లో, ఏ షిఫ్టు వేళ, ఎంతమంది దాటుతారో లెక్కపెట్టి రాయండి. నలుగురు నాలుగు నోళ్ళ కాడ కూర్చుంటే ఒక్క సాయంత్రం పని. కొత్త దిమ్మె కావాలంటే మొదట ఇసుక మూటలు, డ్రమ్ములు పెట్టి నెల రోజులు చూడమనండి. తర్వాతే సిమెంటు. మూలల్లో కంటి ఎత్తున కట్టిన ఫ్లెక్సీల వల్ల కుడిపక్క వచ్చే బండి కనిపించకపోతే మాత్రం ఏ ఆఫీసుకూ పోనక్కరలేదు, కట్టినోళ్ళు మన వీధి పిలకాయలే.