మీకు తెలుసా? బుడ్డ గింజ ఊపిరికి అడ్డుపడొచ్చు

పసిపిల్లల శ్వాసనాళంలోంచి డాక్టర్లు బయటికి తీసేవాటిలో ముందు వరుసలో ఉండేది బుడ్డ గింజ, అంటే వేరుశెనగ గింజ. అనంతపురం జిల్లాకు అదే ప్రధాన పంట. విత్తనానికి బుడ్డలు ఒలిచే రోజుల్లో వసారా నిండా గింజలే, వాటి పక్కనే పాకే బిడ్డలు!

నమిలే దవడపళ్లు సరిగా రాని వయసులో, నవ్వుతూనో పరుగెత్తుతూనో నోట్లో వేసుకున్న గింజ ఊపిరితోపాటు లోపలికి జారుతుంది. అక్కడి తడికి ఉబ్బుతుంది, దాని నూనెకు చుట్టూ వాస్తుంది. గట్టిగా దగ్గిన బిడ్డ ఊరుకుంటే గండం గడిచిందనుకోకండి, గింజ ఇంకా కిందికి దిగి ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో గింజ కనబడదు. శ్వాసనాళంలోకి గొట్టం దించి చూసే బ్రాంకోస్కోపీ కావాలి. 1897లో జర్మనీ డాక్టర్ గుస్టాఫ్ కిలియన్ ఈ పద్ధతిలోనే ఒక రైతు శ్వాసనాళంలోంచి ఎముక ముక్క తీశారు.

దగ్గగలిగే బిడ్డను దగ్గనివ్వండి. గొంతు పెగలకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, మరొకరు బిడ్డను ముందుకు వంచి వీపుపై రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు చరచాలి. అప్పటికీ రాకపోతే బొడ్డుకు పైన లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఏడాదిలోపు శిశువుకైతే పొట్ట కాదు, ఎదురొమ్ము మధ్యలో నొక్కాలి. కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. అయిదేళ్లు నిండేదాకా బుడ్డలు పొడిగానో, మెత్తటి ఊరిమిండి పచ్చడిగానో పెట్టండి.