లోన నిరోధము, పైన ప్రవాహము

రాగి విద్యుత్తును పోనిచ్చును, గాజు పోనీయదు. ఈ రెండు గుణములును ఒకే వస్తువునందు కూడియుండుట కలదు. బిస్మతు సెలినైడను స్ఫటికము అట్టిదని 2009లో తేలినది. దాని లోపలి భాగము విద్యుత్తును నిరోధించును. ఉపరితలము మాత్రము ప్రవహింపనిచ్చును. ఇట్టి పదార్థములను టోపలాజికల్ ఇన్సులేటరు లందురు.

పళ్లెములోని నీరు కుదుపునకు అంతయు నొక్కటై ఊగునట్లు, తగిన కిరణములు సోకినపుడు ఆ ఉపరితలమందలి ఎలక్ట్రానులు కూడి ఊగును. ఆ యూపే ప్లాస్మాను. నునుపైన తలముపై కిరణములు పడినంతమాత్రమున అది లేవదు. కావున 2013లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ స్ఫటికపు పలుచని పొరను వెండ్రుకకంటె సన్నని పట్టీలుగా తీర్చి, వానిపై కిరణములను ప్రసరింపజేసి, ఆ యూపును కనుగొనిరి.

అయినను స్ఫటికమున సెలీనియపు పరమాణువులు కొన్ని లోపించినచో, విద్యుత్తు లోపలను పాఱి, ఉపరితల గుణమును మఱుగుపఱచును. పైగుణము ప్రకాశింపవలెనన్న అంతశ్శుద్ధి వలయును.