గన్నామ్ అల్ దీకాన్: ఏది మేటి, ఎక్కడ వెలితి?

కువైట్‌లో ఫిబ్రవరి 25న జరిగే జాతీయ దినోత్సవ వేదికల మీద గాయకులు, బృందగానం, నృత్యం కలిసి దేశచరిత్రను కథగా వినిపించే దీర్ఘ సంగీత రూపకాన్ని ‘ఒపెరెట్టా’ అంటారు. ఆ ప్రక్రియకు రూపురేఖలు దిద్దిన స్వరకర్తల్లో గన్నామ్ అల్ దీకాన్ అగ్రగణ్యుడు. ఆయన మేటి రచన ఏదంటే 1979లో షాదీ అల్ ఖలీజ్, సనా అల్ ఖర్రాజ్ గళాల్లో వినిపించిన ‘ముజక్కిరాత్ బహ్హార్’ (నావికుడి జ్ఞాపకాలు) పేరే ముందు చెప్పాలి. అయితే అందుకు ఆధారం దాని ప్రజాదరణ కాదు, అందులో పాటకూ కథకూ కుదిరిన పొత్తు.

ఈ రూపకానికి మాటలు అందించిన, కవి ముహమ్మద్ అల్ ఫాయిజ్ 1960ల్లో రాసిన కావ్యంలో, చమురు సంపద రాక ముందటి రోజుల్లో ముత్యపు చిప్పల కోసం సముద్రంలో మునిగిన నావికుడు తన బతుకు తానే చెప్పుకుంటాడు. ముక్కుకు బిగింపు పెట్టుకుని, రాతి బరువు సాయంతో అడుగుకు దిగేవాణ్ణి ‘గవ్వాస్’ అని, పడవ మీద తాడు పట్టుకుని అతని సైగ అందగానే పైకి లాగేవాణ్ణి ‘సైబ్’ అని, ఈ పనంతటికీ పాట కట్టేవాణ్ణి ‘నహ్హామ్’ అని అంటారు. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు అందరి చేతులూ ఒక్కసారిగా కదలాలి కాబట్టి, నహ్హామ్ పాట వినోదం కాదు, పనిముట్టు. అతని ఒంటి గొంతు పైస్థాయిలో సాగుతుంటే తక్కినవారు మంద్రంలో హుంకరిస్తారు. చప్పట్లకు, చర్మవాద్యాలకు తోడు, మన ఘటంలా నీళ్ల కుండ కూడా మోగుతుంది. ఈ శ్రమ సంగీతాన్ని పెద్ద వాద్యబృందంలోకి తెచ్చి కూడా దాని బరువు పోనివ్వకపోవడమే దీకాన్ ఘనత. లయ మారితే పని మారిందని శ్రోతకు వేరే చెప్పనక్కర్లేదు.

నఖోదా, అంటే పడవ సారంగు, దగ్గర తీసుకున్న అప్పు ఒక్క వేట కాలంలో తీరక మరుసటి ఏటికి మిగిలిపోవడం నాటి నావికుల బతుకులో మామూలు. కడప, గోదావరి జిల్లాల నుంచి వీసాకు అప్పుచేసి కువైట్ చేరిన తెలుగు కుటుంబాలకు ఈ కథను ఎవరూ విప్పి చెప్పనవసరం లేదు. అక్కడి తెలుగు సంఘాలు ఈ రచనను తమ వేదికలకు తెచ్చుకోకపోతే అది పెద్ద లోపమే.

1980ల్లో కవి అబ్దుల్లా అల్ ఉతైబీ మాటలకు దీకాన్ కూర్చిన ఒపెరెట్టాల్లో నేర్పుకు కొదవ లేదు. వాటిలో ఒకటైన ‘సదా అత్తారీఖ్’ (చరిత్ర ప్రతిధ్వని) 1986 నాటిది. వెలితి ఈ వరుసలోని స్తుతి ఘట్టాల్లో ఉంది. పని చేసే మనిషి పక్కకు తప్పుకుని దేశకీర్తన మొదలైన చోట బృందగానం ఎంత ఉధృతమైనా కథ కదలదు. మన పద్యనాటకంలో ‘వన్స్‌మోర్’ల కోసం రాగం సాగదీసినప్పుడు హరిశ్చంద్రుడి దుఃఖం వెనకబడినట్టే ఇక్కడా జరుగుతుంది.

ఉత్సవం కోసం చేసిన రచనలో స్తుతి తప్పదు గదా అన్నది దీకాన్ పక్షాన రాగల గట్టి వాదమే. కాని ‘ముజక్కిరాత్ బహ్హార్’ ఆడిందీ అదే జాతీయ దినోత్సవంలో, కూర్చిందీ అదే స్వరకర్త. దాని మాటలు మాత్రం పండుగకు పదేళ్లకు పైగా ముందే, ఎవరి సన్మానం కోసమూ కాకుండా పుట్టాయి.