ఆటస్థలం బాగు నేలతోనే మొదలు

రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలలో ఉద్యానవనాలనూ ఆటస్థలాలనూ చేర్చింది. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన ఈ ఏర్పాటును బట్టి చూస్తే, 1888లో పురపాలక సంఘంగా మొదలై 1981లో నగరపాలక సంస్థగా ఎదిగిన విజయవాడలో, పార్కులోని ఉయ్యాల కూడా తాగునీరు, వీధి దీపాల వంటి పౌరసేవే. అందువల్ల శిథిలమైన ఆటస్థలాన్ని మార్చడమంటే పాత పరికరాల చోట రంగురంగుల కొత్తవి నిలబెట్టడంతో తీరే పని కాదు.

కృష్ణా డెల్టాలో ఆట పరికరాలు సాధారణంగా అడుగు నుంచే బలహీనపడతాయి. ఇక్కడి నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది కాబట్టి స్తంభాలను పట్టి ఉంచే కాంక్రీటు దిమ్మెలు క్రమంగా కదులుతాయి. నీరు నిలిచే చోట ఇనుప గొట్టాలు నేలను తాకే భాగంలోనే ముందుగా తుప్పు పడతాయి. పైన కొత్త రంగు వేస్తే ఈ లోపం కనబడకుండా పోతుందే తప్ప తొలగిపోదు. రంగులోనూ జాగ్రత్త అవసరం. గృహ, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది; అంతకు ముందటి పూతల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నందున, వాటిని గీకేటప్పుడు దుమ్ము మట్టిలో కలవకుండా చూడాలి.

పిల్లలు పడడం ఆటలో భాగం. కాబట్టి పడినా పెద్ద దెబ్బ తగలని నేలను సిద్ధం చేయడం పెద్దల బాధ్యత. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ మార్గదర్శకాలు కాంక్రీటు, తారు, గట్టి మట్టి తగవని చెబుతూ, పరికరం చుట్టూ కనీసం 6 అడుగుల మేర మెత్తని పరుపునేల ఉండాలనీ, 4 అడుగుల ఎత్తు నుంచి పడే పిల్లలకు 9 అంగుళాల మందాన ఇసుక రక్షణ ఇస్తుందనీ సూచిస్తున్నాయి. ఉయ్యాల ముందుకూ వెనక్కూ ఊగుతుంది గనుక, వేలాడే బిందువు ఎత్తుకు రెట్టింపు దూరం ఆ రెండు వైపులా ఖాళీగా ఉంచాలి.

కడిగి మట్టి తీసిన ఏటి ఇసుక ఇందుకు పనికొస్తుంది గానీ, తొక్కిడికి అది పక్కకు జరిగి గట్టిపడుతుంది కాబట్టి తరచుగా కదిలించి, తగ్గిన చోట నింపుతుండాలి. రబ్బరు పరుపుకు ఈ శ్రమ తక్కువైనా, బెజవాడ ఎండకు అది కూడా, లోహపు జారుడుబల్లలాగే, కాలిపోయేంతగా వేడెక్కుతుంది. అందువల్ల వేప, కానుగ చెట్ల నీడ అలంకారం కోసం కాక భద్రత కోసమే కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు పడిన గండ్లతో నగరంలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీట మునిగిన అనుభవం, ఏ పరికరాన్నైనా నిలపడానికి ముందే నేలకు వాలు, మురుగు పారుదల కల్పించాలని హెచ్చరిస్తోంది.

వికలాంగులకు అందరితో సమానంగా వినోదంలో పాల్గొనే హక్కును 2016 నాటి చట్టం గుర్తించింది. చక్రాల కుర్చీ ఇసుకలో సాగదు గనుక, ఆట పరికరాల దాకా గట్టి బాట వేయడం ఆ హక్కుకు తొలి మెట్టు. ఇన్ని జాగ్రత్తలూ ప్రారంభోత్సవంతోనే ఆగిపోకూడదంటే, కొనుగోలు ఒప్పందంలోనే గొలుసులు, బోల్టులు, ఇసుక మందం క్రమంగా తనిఖీ చేసే నిబంధననూ, అందుకు తగిన నిధినీ చేర్చాలి. ఆ నిధి లేకుండా తెచ్చిన కొత్త పరికరం త్వరలోనే పాతదాని ప్రమాదాన్నే పిల్లలకు తిరిగి తెస్తుంది.